సార్జంటు ప్రాణవాయు సంగ్రామము

ఓ ప్రాణవాయువా! కంటికి కనిపించక, చేతికి చిక్కక, ఉన్నంతసేపు ఎవనికిని గుర్తురాక, లేనిక్షణమున ఎల్లవారిచేత తలంపబడు మహానుభావా! బయట ఇంత ధారాళముగా లభించు నీవు ఉప్పునీట మాత్రము అంత పిసినారివేల అయితివో, ఆ పిసినారితనము తెనాలి పట్టణమున ఒక ముందుగదిని ఎట్లు రణరంగము చేసెనో, గొంతెత్తి గానము చేయబూనిన నాకు ముందుగా కాస్త దమ్ము ప్రసాదింపుము. నా వాక్యములు పొడవైనవి. నడుమ ఆయాసము వచ్చినచో ఆ పూచీ నీదే.

అది పందొమ్మిదివందల ఎనుబదియెనిమిదవ సంవత్సరపు రోహిణీకార్తె. ప్రచండమార్తాండుడు కృష్ణా పశ్చిమ డెల్టాను పెనము చేసి, కాలువలను అడుగంటించి, తెనాలి పౌరజనమును ఇండ్లనుండి వెడలగొట్టి, అరుగులపై కూర్చుండబెట్టి, ప్రతి చేతికిని ఒక విసనకర్రనిచ్చి, ఇక మీ తిప్పలు మీరు పడుడని పడమటికి జరుగుచున్న సాయంసమయము. అట్టి తెనాలియందు, చెంచుపేట అను పేటయందు, ఒక పెంకుటింట, ఉత్తరముల సార్టింగున అప్రతిహతుడు, లవణజలకుంభధారి, ప్యాసింజరు రైలు తలుపుకడ నిలుచుటలో అసమానశూరుడు అగు రాజారత్నము అను పోస్టాఫీసు గుమాస్తా వెలయుచుండెను.

ఈ వీరుడు బాపట్లలో పుట్టి, సూర్యలంక ఇసుకలో ఆడి, అలల మోత వినుచు పెరిగినవాడు. ఉద్యోగధర్మమున తెనాలికి బదిలీ అయినాడు. తెనాలిలో అన్నియు కలవు. సినిమాహాళ్లు కలవు, మూడు కాలువలు కలవు, ఏ రైలుకైనను మారగల జంక్షను కలదు. సముద్రము లేదు. ఈ లోపమును ఊరిలో మరెవ్వరును కనిపెట్టినట్లు లేదు గాని రాజారత్నము కనిపెట్టెను, దిగులుపడెను. ఎగతాళి చేయుట నా వృత్తియే అయినను ఈ ఒక్కచోట చేయను. ఆయన నిజముగనే దిగులుపడెను.

కావున, సముద్రము తెనాలికి రాదని తేలినపిదప, తానే పోయి తెచ్చెను. శుభ్రముగా కడిగిన కిరసనాయిలు డబ్బాలతో సూర్యలంక అలలను ముంచి, బాపట్లలో రైలెక్కి, తోడిప్రయాణికుల పంచెలపై బంగాళాఖాతమును కొంచెము కొంచెము చిలుకరించుచు, తిట్లు తినుచు, ఇల్లు చేరి, మూరన్నర పొడవును మూరెడుకంటె కాస్త తక్కువ లోతును గల గాజుతొట్టెలో పోసెను. అందులో ఒక చేప. పసుపుపచ్చని ఒంటిపై నల్లని చారలు, చూపులో అధికారము, నడకలో కవాతు. దానికి సార్జంటు అని పేరు పెట్టెను.

ఇక, రాజారత్నము ధర్మపత్ని రిబ్కా. ఎలిమెంటరీ బడిలో పంతులమ్మ. ఒక్క కనుబొమ పైకెత్తి మూడవతరగతిని మొత్తముగా కూర్చుండబెట్టగల ధీరురాలు. సార్జంటుకు మునుపు ఆ తొట్టెలో కాపురముండిన మత్స్యశ్రేష్ఠులందరు ఒకరివెనుక ఒకరు ఊపిరందక వెల్లకిలబడి, పెరటి కరివేపాకు మొక్కకు ఎరువైపోగా, ఆమె చివరికి శపథము చేసెను. ఆ శపథము సంస్కృతమున లేదు.

"ఏవండీ, ఇది గనక పోయిందంటే ఆ తొట్టె నిమ్మకాయ పచ్చడికి. మళ్లీ చేప అన్నారంటే నేనూరుకోను."

రాజారత్నము సరే అనెను. అనక ఏమి చేయును? సార్జంటు బ్రతికినంతకాలమే ఆ ఇంట సముద్రము. సార్జంటు పోయిన మరునాడు నిమ్మకాయలు.

శ్రోతలారా, శత్రువు బలమెరుగనిదే వీరుని గొప్ప తెలియదు కావున వినుడు. మంచినీటికంటె ఉప్పునీట ప్రాణవాయువు తక్కువగా కరగును. నీరు వేడెక్కినకొద్దీ ఆ కాస్తయు ఆవిరిబాట పట్టును. రోహిణీకార్తెలో, తెనాలిలో, పెంకుటింట, ఉప్పునీటి తొట్టె అనగా ప్రాణవాయువునకు అత్తవారిల్లు. దానిని బలవంతముగా కాపురమునకు పంపుచుండునది ఒక చిన్న కరెంటు పంపు. కుట్టుమిషను క్రింద నేలపై కూర్చుండి గుర్రు గుర్రుమనుచు, సన్నని ట్యూబు గుండ గాలిని పైకి పంపును. ఆ గాలి తొట్టె అడుగున ఉన్న నురగరాయిగుండ బుడగలై లేచి నీటిని కదిలించును. ఆ గుర్రు ఆగినచో సార్జంటు ఆగును.

ఆ శనివారము సాయంకాలము వారి యింట ప్రార్థన కూటము. చాపలు పరచిరి, లోపలినుండి హార్మోనియము తెచ్చిరి, పేటలోని సంఘస్థులు ముందుగది నిండ కూర్చుండిరి. రేపల్లెనుండి పాస్టరు బర్నబాస్ అయ్యగారు విచ్చేసిరి. ఇంటనున్న ఒకేయొక్క చేతులకుర్చీని గౌరవార్థము గాలివచ్చుచోట, అనగా కిటికీప్రక్క, అనగా సరిగ్గా తొట్టెముందర వేసిరి. అయ్యగారు ఆసీనులుకాగా ఆయన కుడిభుజముపైన సార్జంటు ముఖము పటము కట్టినట్లు కనిపించుచుండెను.

బర్నబాస్ అయ్యగారి ప్రార్థన ఆ ప్రాంతమంతటను ప్రసిద్ధము. ఆయన ఎవరిని మరచువారు కారు. తెనాలిలో మొదలుపెట్టి రేపల్లె రైలుమార్గము వెంబడి స్టేషను స్టేషనునకు ఆగి, ఆ ఊరి వ్యాధిగ్రస్తులను, పరీక్ష వ్రాసినవారిని, పెండ్లికాని పిల్లలను, పాడిగేదెలను పేరుపేరున దేవునికి అప్పగించి, అప్పుడుగాని పచ్చజెండా ఊపరు. వినువారును దానికి అలవాటుపడినారు. ప్రార్థన భట్టిప్రోలు దాటినదన్న పొయ్యిమీద కాఫీనీళ్లు పెట్టవచ్చును, పల్లికోన చేరినదన్న చెప్పులు వెదకుకొనవచ్చును. అంతవరకు కన్ను తెరచుటగాని కాలు కదపుటగాని ఆ సంఘమున ఎవరును ఎరుగరు. పిల్లలలో ఎవడైనను తెరచినచో ఆదివారపు బడిలో రిబ్కా పంతులమ్మ వాని చెవిని స్వహస్తముతో మెలిపెట్టును.

కన్నులు మూయబడెను. తలలు వంగెను. ప్రార్థనారథము తెనాలిలో కదలెను. కదలిన మరుక్షణమే కరెంటు పోయెను.

ఫ్యాను నిలిచెను. కుట్టుమిషను క్రిందినుండి గుర్రు నిలిచెను. అప్పుడు రాజారత్నము దిక్కులు పిక్కటిల్ల, "ఓసి చంచలే, విద్యుల్లతా! అబలుడగు మత్స్యార్భకునిపైనా నీ ప్రతాపము? నిలువుము, నా కంఠమున ఊపిరియుండగా సార్జంటు కంఠమున ఊపిరి ఆగనేరదు" అని గర్జించెనని చెప్పవలెనని నా మనసు తహతహలాడుచున్నది. కాని ప్రక్కన కూర్చున్నవారు విన్నది, "అయ్యో, కరెంటు" అను గుసగుస మాత్రమే.

ఆయన కన్ను తెరచెను. మహాపరాధము. ఐనను తెరచెను. అయ్యగారి భుజముమీదుగా చూడగా సార్జంటు కవాతు మాని నీటిపైకి వచ్చుచుండెను. మూతి పైకెత్తి గుటకలు మ్రింగుచుండెను. ఆ గుటకలను రాజారత్నము ఎరుగును. సార్జంటు పూర్వీకులందరును అట్లే మొదలుపెట్టినారు.

చెంబుతో నీటిని ముంచిపోసిన చాలును, గాలి కలియును. కాని తొట్టెకును చెంబుకును నడుమ బర్నబాస్ అయ్యగారి శిరస్సు, తెల్లని జుబ్బా, తెనాలి వ్యాధిగ్రస్తుల జాబితాలో మునిగియున్న ఆయన గంభీరస్వరము అడ్డుగోడలై నిలిచెను. దైవసేవకుని చేపకొరకు లేపుటయా? తెనాలి పుట్టినది మొదలు అట్టి పని జరుగలేదు. రాజారత్నము ఎదురుచూచెను. రథము జంపని దాటెను. వేమూరు చేరెను. అక్కడ అయ్యగారు రవ్వంత ఊపిరి పీల్చుకొనుటకై ఆగగా, ఆ సందున వీరుడు తన ప్రథమాస్త్రమును సంధించెను.

"ఆమేన్," అనెను గట్టిగా.

సంఘమంతయు అలవాటుగా "ఆమేన్" అనెను. ఇద్దరు స్త్రీలు కన్నులు తెరచి కొంగులు సర్దుకొనిరి కూడ. కాని బర్నబాస్ అయ్యగారి హృదయము పొంగిపోయెను. ఇన్నేండ్ల సేవలో వేమూరుకడ ఇంత ఆసక్తితో ఎవరును స్పందించి యుండలేదు. ఇట్టి ఆసక్తిగల బిడ్డలున్నచోట తొందరపడుట తగదని తలచి, ఆయన రైలును వేమూరులోనే నిలిపి, ప్రక్కదారిన కొల్లూరు బయలుదేరెను. కొల్లూరునుండి లంకలలోనికి దిగెను. అరటితోటలకొరకు ప్రార్థించెను. కూరగాయల పాదులకొరకు ప్రార్థించెను. రేవు దాటు పడవలకొరకు, పడవ నడుపువారికొరకు, పడవ ఎక్కుటకు ఒడ్డున నిలిచియున్నవారికొరకు ప్రార్థించెను. తన అస్త్రము తననే తాకగా రాజారత్నము తల రెండుచేతుల పట్టుకొనెను. చూచినవారు లేరు గాని, చూచినచో ఎంత భక్తి అనుకొందురు.

సార్జంటు గుటకలు జోరందుకొనెను. అప్పుడు వీరునికి తట్టెను. తొట్టె అయ్యగారివెనుక ఉన్ననేమి, పంపు తన మోకాలి ప్రక్కనే ఉన్నది కదా. పంపునుండి ట్యూబును మెల్లగా ఊడబెరికెను. నోటబెట్టుకొనెను. ఊదెను.

మూరెడు లోతు నీటిని ఊపిరితో త్రోయుట మాటలు కాదు. బుగ్గలు బూరెలాయెను, కండ్లు ముందుకు వచ్చెను, చెవులలో సూర్యలంక అలలు వినిపించెను. ఐనను నురగరాయినుండి బుడగలు లేచెను. ఎంగిలి గాలియే, అయినను గాలి. బుడుంగ్. బుడుంగ్. బుడుంగ్. ఆ ధ్వని సూటిగా అయ్యగారి కుడిచెవిలో పడెను.

లంకలలో ఉన్న అయ్యగారు చలించిపోయిరి. ఎవరో ఏడ్చుచున్నారు. వెక్కి వెక్కి, గొంతులో అణచుకొని, పశ్చాత్తాపముతో ఎవరో ఏడ్చుచున్నారు. ఇది మామూలు కూటము కాదు. ఆయన చేతులు రెండును పైకెత్తిరి. "ప్రభువా, ఇక్కడ ఏడుస్తున్న ఈ బిడ్డ ఎవరో నాకు తెలియదయ్యా, వీరి భారం నీకు తెలుసయ్యా," అని మొదలుపెట్టి, ఆ బిడ్డ బాల్యము, యౌవనము, తప్పటడుగులు, తిరిగిరావలసిన మార్గము ఒకటొకటిగా ఊహించి విన్నవించి, భట్టిప్రోలు చేరవలసినవారు చెరుకుపల్లి బస్సెక్కిరి. ఎంత ఊదిన అంత ఏడుపు. ఎంత ఏడుపో అంత ప్రార్థన. ప్రార్థన ఎంత సాగిన అంత ఊదవలెను. పద్మవ్యూహమును చొచ్చినవారిని గూర్చి నేనును విన్నాను గాని, అందులో తానే గోడలు కట్టుకొనిన వీరుని ఈయననే చూచితిని.

అదే సమయమున రిబ్కా కన్ను తెరచెను.

ఆదివారపు బడిలో చెవులు మెలిపెట్టు రిబ్కా పంతులమ్మ, ప్రార్థన నడుమ, కన్ను తెరచెను. బుడుంగుమను ఆ ఏడుపు ఎక్కడో విన్నట్లు ఆమెకు తోచెను. తెరచి చూడగా భర్త నోట ట్యూబుతో, ముఖము టమాటాపండై, కనుగ్రుడ్లు పైకి తేలవేసి కనిపించెను. ఆయనయు ఆమెను చూచెను. ఇద్దరును దొంగలే. ఒకరినొకరు పట్టుకొనిరి. ఆమె చూపు అక్కడినుండి తొట్టెకు మరలెను. సార్జంటు ఒంటి పసుపు పాలిపోయెను. ఒక ప్రక్కకు ఒరుగుచుండెను.

ఇచ్చట రిబ్కా ఊరక కన్ను మూసుకొనిన చాలును. శపథము నెరవేరును. తొట్టె ఆమెది, నిమ్మకాయలు ఆమెవి, ఇంట ఉప్పునీటి తడి ఉండదు, పంపు గుర్రు ఉండదు. మూసుకొనునని నేనును అనుకొంటిని. ఆమె మూసుకొనలేదు.

అయ్యగారు చెరుకుపల్లిలో బస్సుదిగి ఊపిరి పీల్చిన ఆ అరక్షణమున, ఆమె నిటారుగా కూర్చుండి, మూడవతరగతిని శాసించు కంఠముతో, ఒక పాట ఎత్తుకొనెను. అది క్రిస్మస్ పాట. రోహిణీకార్తెలో, చెమటలు కారుచుండగా, క్రిస్మస్ పాట. బుడుంగులను ముంచగల చప్పట్ల ఊపు సంఘకీర్తనలలో దానికే కలదని ఆమెకు తట్టెను. ఇక ఆ సంఘపు ఆచారము ఏమనగా, ఎవరైనను ఒక పాట ఎత్తినచో అది ఆత్మ నడిపింపు. ఆపరాదు. అన్ని చరణములును పాడవలెను. అయ్యగారైనను నోరుమూసి వినవలెను, లేక పాడవలెను. జనులు క్షణకాలము ఒకరినొకరు మూసినకండ్లతోనే చూచుకొని, తరువాత పాడసాగిరి.

హార్మోనియము ముందు రిబ్కా తల్లి జ్ఞానమ్మగారు కూర్చుండియుండెను. ప్రార్థన జంపని దాటినప్పటినుండి ఆమె కునుకులో ఉన్నది. పాట వినబడగనే ఆమె చేతులు ఆమెను అడుగకయే పనిలోదిగెను. ఒకచేయి మెట్లపై, ఒకచేయి తిత్తిపై. ఆ తిత్తికి ఒక మూల చిరుగు కలదు. దానికి గుడ్డపట్టీ అంటించియుండిరి. తిత్తి కొట్టినపుడెల్ల పట్టీ లేచి బుస్సుమని గాలి వదలుచుండెను. రాజారత్నము ఆ బుస్సును వినెను. నోటనుండి ట్యూబు జారిపోయెను.

ఆయన పాకెను. చాపపై, పాడుచున్నవారి మోకాళ్ల నడుమ, పాకెను. పట్టీని తొలగించి, ట్యూబు కొనను చిరుగులో దూర్చి, ఆ గుడ్డతోనే చుట్టి బిగించెను. జ్ఞానమ్మగారు తిత్తి కొట్టెను. బుడగ లేదు. మరల కొట్టెను. లేదు. ముసలి హార్మోనియమునకు మూరెడు లోతు నీటిని త్రోయు శక్తి ఎక్కడిది? అప్పుడు వీరుడు ట్యూబును తనవైపు మెల్లగా లాగెను. తొట్టె అడుగున నురగరాయి కదలెను. ఇంకను లాగెను. రాయి పైకి లేచెను, లేచెను, నీటిమట్టమునకు నాలుగువ్రేళ్లు క్రిందుగా వ్రేలాడెను. జ్ఞానమ్మగారు తిత్తి కొట్టెను.

బుడగలు. సన్నసన్నని బుడగలు. నీరు కదలెను.

కదలెను గాని నెమ్మదిగా. జ్ఞానమ్మగారి వాయిద్యము ఎద్దుబండి నడక. ఒక బుడగకు మరొక బుడగకు నడుమ ఒక చరణము గడచుచుండెను. రాజారత్నము ఆమె చెవికడ వంగి, కొంచెము జోరుగా వాయింపుమని బ్రతిమాలెను.

"క్రిస్మస్‌కి ఇంకా ఏడు నెల్లుంది గదా బాబూ," అనెను ఆమె నిదానముగా. "తొందరేంటి?"

"అత్తయ్యగారూ, మీ హార్మోనీతోనే ఊపిరి పీలుస్తున్నాడండి వాడు."

ఆమె తలత్రిప్పి ట్యూబును చూచెను. ట్యూబువెంట చూపు ప్రాకించి తొట్టెను చూచెను. ఒరిగియున్న చేపను చూచెను. మరొకరైనచో అరచియుందురు. తన తండ్రి ఇచ్చిన హార్మోనియమునకు చేపతొట్టె తగిలించిరి మరి. ఆమె మాత్రము కొంగు నడుమునకు దోపి, తిత్తిని దడదడ కొట్టెను. రిబ్కా చప్పట్లు మొదలుపెట్టెను. చప్పట్లు గదియంతట వ్యాపించెను. చరణములు అయిపోయెను. రిబ్కా మొదటినుండి అందుకొనెను. మరల అయిపోయెను. మరల అందుకొనెను. మే నెల చెమటలో చెంచుపేట క్రిస్మస్ జరుపుకొనుచుండెను. వీధిన పోవువారు కిటికీలోనికి తొంగిచూచి, క్యాలెండరు తప్పిన ఈ ఇంటిని వింతపడి, కొందరు నిలిచి తాళము వేసిరి. బర్నబాస్ అయ్యగారును ఎంతసేపని ఆగుదురు? లేచి నిలుచుండి చప్పట్లు చరచసాగిరి.

ఆయన లేచుటతో రాజారత్నమునకు తొట్టె పూర్తిగా కనిపించెను. సార్జంటు మొప్ప ఒకటి కదలెను. రెండవది కదలెను. ఒరిగిన ఒడలు నిలువయ్యెను. పాలిపోయిన పసుపు మరల తేరుకొనెను. నీటిపై ఉన్న మూతి నీటిలోనికి పోయెను. తరువాత, సర్వసేనలును చూచుచుండగా, సార్జంటు తలను క్రిందికి వంచి, తోక ఒకమారు ఆడించి, దిగెను.

తీరా అంతయు ముగిసినపిదప కరెంటు వచ్చెను. ట్యూబులేని పంపు కుట్టుమిషను క్రింద తానే పెద్ద ఘనకార్యము చేసినట్లు గుర్రుమనెను. రాజారత్నము ట్యూబును దానికి తగిలించి, రాయిని అడుగునకు జారవిడిచి, చాపపై చతికిలబడెను. ప్రార్థన భట్టిప్రోలును, పల్లికోనను, రేపల్లెను ఏ సమయమున చేరెనో ఆయన ఎరుగడు.

కాఫీలైనపిదప బర్నబాస్ అయ్యగారు గుమ్మముకడ ఆయన చేతులు రెండును పట్టుకొనిరి. ఆయన కన్నులు తడిసియుండెను.

"ఏడ్చింది ఎవరో నేనడగనండి. ఇప్పుడు బాగున్నారు గదా, అది చాలు."

"బాగున్నాడండి," అనెను రాజారత్నము. అది అబద్ధము కాదు.

అందరును పోయిరి. జ్ఞానమ్మగారు హార్మోనియమునకు పట్టీ అంటించుకొనుచు లోపల కూనిరాగము తీయుచుండెను. రిబ్కా వచ్చి తొట్టెముందర, అయ్యగారి కుర్చీలో కూర్చుండెను. చాలసేపు చేపనే చూచెను. భర్త ఏదో చెప్పబోవగా చేయెత్తి ఆపెను.

"నాకు చేపమీద కోపం కాదండి. అది పోయినప్పుడల్లా మీరు అన్నం ముందు కూర్చుని గోడకేసి చూస్తారు. అది చూడలేకే ఆ తొట్టె పొమ్మన్నా."

రాజారత్నము కుర్చీచేతిని ఊతగా పట్టుకొనెను. ఊది ఊది గాలి అయిపోయినందున మాత్రము కాదు.

"రేపు గుడయ్యాక సూర్యలంక వెళ్దాం," అనెను ఆమె. "ఈ నీళ్లు పాతబడ్డాయి. ఒక డబ్బా నేను పట్టుకుంటాను." తరువాత వంగి చూచి, "ఎంత దిగాడండీ?" అని అడిగెను.

ఆయన అరచేయి చాచి, బొటనవ్రేలు నీటిమట్టమునకును చిటికెనవ్రేలు సార్జంటు వీపునకును ఆనునట్లు గాజుపై పెట్టి కొలిచెను.

"జానెడు," అనెను.

కావున తెనాలి వాసులారా, బాపట్ల వాసులారా, రేపల్లె రైలుమార్గమున స్టేషను స్టేషనునందును నిలిచియున్న సమస్త జనులారా, భేరీలు మ్రోగింపుడు, ఏనుగులను కట్లు విప్పుడు, అవి దొరకనిచో ఉన్న పాడిగేదెలనే విప్పుడు. ఆ మహాసమరమున, ఆ శనివారము పొద్దుగూకువేళ, చెంచుపేటలోని ఒక పెంకుటింట, ఒక చేప జానెడు క్రిందికి దిగెను.